డ్రైవింగ్ టెస్ట్‌లో ఫెయిల్ చేసే తప్పులు: ఎక్కడ పుడతాయి, ఎలా దిద్దుకోవాలి

డ్రైవింగ్ టెస్ట్‌లో ఫెయిలైన చాలామందికి బండి నడపడం వచ్చు. క్లచ్ వదలడం, గేర్ మార్చడం, స్టీరింగ్ తిప్పడం అన్నీ వచ్చు. అయినా ఫెయిలవుతారు. నేర్చుకున్నన్నాళ్ళూ పక్క సీట్లో ఒకరు కూర్చుని "బ్రేక్ వెయ్యండి, అద్దం చూడండి, ఇండికేటర్ వెయ్యండి, వెనక లారీ వస్తోంది ఆగండి" అని చెబుతూనే ఉంటారు. కాళ్ళూ చేతులూ మనవే కానీ నిర్ణయాలు వాళ్ళవి. టెస్ట్ రోజు పక్క సీట్లో మనిషి ఉంటారు గానీ ఆ మాట ఉండదు. ఎప్పుడు ఆగాలో, ఎటు చూడాలో, ఎదుటివాడికి దారి ఇవ్వాలో వద్దో మొట్టమొదటిసారి మీరే తేల్చుకోవాలి. ఫెయిల్ చేసే తప్పుల్లో సగానికి పైగా అక్కడే పుడతాయని నా నమ్మకం. అందుకే ఏ తప్పు ఎందుకు జరుగుతుందో, దాన్ని ఏ సాధనతో పోగొట్టుకోవచ్చో వరసగా చెబుతాను.

గేర్లున్న కారును దృష్టిలో పెట్టుకుని రాశాను. ఆటోమేటిక్ నడిపేవాళ్ళు క్లచ్ గురించిన మాటలు వదిలేసి మిగతావన్నీ తీసుకోవచ్చు. రోడ్డుకు ఏ పక్కన నడపాలి, ఎక్కడ ఎంత వేగం అనేవి దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి వాటిని మీ దగ్గరి ట్రాఫిక్ నియమాల పుస్తకంలో చూసుకోండి. తప్పులు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఇవే.

ముందుగా: ఎగ్జామినర్ దేన్ని తప్పుగా లెక్కిస్తారు?

తప్పులన్నీ ఒకే బరువున్నవి కావు. బ్రిటన్‌నే తీసుకోండి. అక్కడ కారు టెస్ట్‌లో చిన్న తప్పులు 15 వరకు పడినా పాసవుతారు. ప్రమాదానికి దారితీసే తప్పు ఒక్కటి పడితే మాత్రం ఫెయిల్. మార్కులు వేసే తీరు వేరే చోట్ల వేరుగా ఉండొచ్చు గానీ ప్రాణం మీదికి తెచ్చే తప్పును ఎవరూ చూసీచూడనట్టు వదలరు. బ్రిటన్‌లో టెస్టులు జరిపే ప్రభుత్వ సంస్థ డీవీఎస్‌ఏ, జనం ఎందుకు ఫెయిలవుతున్నారో జాబితా ప్రకటిస్తూ ఉంటుంది. కూడళ్ళ దగ్గర సరిగ్గా చూడకపోవడం, దిశ మార్చేటప్పుడు అద్దాలు వాడకపోవడం అందులో ఏళ్ళ తరబడి పై వరసలోనే ఉంటున్నాయి. గమనించారా, రెండూ చేతులతో చేసే తప్పులు కావు. చూపు తప్పులు.

ఏది పెద్ద తప్పో తేల్చుకోవడానికి మీకు మీరే వేసుకోదగ్గ ప్రశ్న ఒకటుంది: నా వల్ల ఇంకొకరు బ్రేక్ వేయాల్సి వచ్చిందా, పక్కకు తప్పుకోవాల్సి వచ్చిందా? అవునంటే అది పెద్ద తప్పు. మీ ఇంజన్ ఒకసారి ఆగిపోవడం, గేర్ మారేటప్పుడు కారు కాస్త కుదిపినట్టు కావడం, పార్కింగ్‌లో ఒకసారి ముందుకు వచ్చి సరిచేసుకోవడం సాధారణంగా చిన్నవే. ట్రాక్ మీద పెట్టే టెస్టుల్లో మాత్రం గీత తాకినా, మధ్యలో ఆగినా ఒప్పుకోని చోట్లున్నాయి. మీ టెస్ట్ ఏ రకందో ముందే కనుక్కోండి. చాలామంది సాధనంతా చిన్న తప్పుల మీద పెట్టి, పెద్దవాటిని అదృష్టానికి వదిలేస్తారు.

మొదటి మెట్టు: పక్కవారి మాటను మీ నోటికి తెచ్చుకోండి

టెస్ట్‌కు కొన్ని వారాల ముందు నుంచే ఇది మొదలుపెట్టాలి. నడుపుతూ, కంటికి కనపడినదాన్నీ చేయబోయేదాన్నీ పైకి చెప్పండి. "ముందు బస్సు ఆగింది. దాని ముందు నుంచి ఎవరైనా రోడ్డు దాటొచ్చు. లోపలి అద్దం చూస్తున్నా, వెనక బైక్ ఉంది. వేగం తగ్గిస్తున్నా." మొదట్లో మాట వెనకబడుతుంది, బస్సు దాటిపోయాక బస్సు గురించి చెబుతుంటారు. ఫర్వాలేదు. కొన్నాళ్ళకు మాట ముందుకు జరిగి, జరగబోయేదాన్ని చెప్పడం మొదలవుతుంది. మీకు మీరు నడపడం వచ్చిందనడానికి అదే గుర్తు.

ఆ తర్వాత నేర్పేవారిని ఒక కోరిక కోరండి: ఈ పూట దారి తప్ప ఇంకేమీ చెప్పొద్దు. ప్రమాదమైతేనే కలగజేసుకోండి, తప్పులన్నీ చివర్లో చెప్పండి. దీనికి ఇష్టపడని వాళ్ళుంటారు, ఎందుకంటే నోరు మూసుకుని కూర్చోవడం వాళ్ళకూ కష్టమే. పట్టుబట్టండి. అలాంటి మౌనపు డ్రైవ్‌లు కొన్ని చేయకుండా టెస్ట్ తేదీ తీసుకోవద్దు. వాటిలో పక్కవారు నోరు విప్పాల్సి వచ్చిన ప్రతి చోటూ టెస్ట్‌లో మీరు ఫెయిలయ్యే చోటని రాసుకోండి. మీ బలహీనతల జాబితా అలా తయారవుతుంది, దానికన్నా నమ్మకమైనది దొరకదు.

ఇంకో అలవాటు కూడా ఇప్పుడే మానుకోవాలి. ఎప్పుడూ అదే రోడ్డు, అదే ట్రాక్, అదే కారు. "ఆ స్తంభం వెనక అద్దం మూలకు రాగానే స్టీరింగ్ పూర్తిగా తిప్పు" అని గుర్తులు నేర్పుతారు. ఆ కారులో, ఆ చోట అది పనిచేస్తుంది. కారు మారితే సీటు ఎత్తు, అద్దం చోటు మారతాయి, గుర్తు తప్పుతుంది. టెస్ట్‌కు ఏ కారు తీసుకెళ్తారో వీలైతే ఆ కారులోనే చివరి సాధన చేయండి. దానితోపాటు తెలియని రోడ్ల మీద, వర్షంలో, చీకట్లో, రద్దీ వేళల్లో కూడా.

రెండో మెట్టు: కూర్చున్న మొదటి రెండు నిమిషాలు

టెస్ట్ కారు మీకంటే ముందు ఇంకెవరో నడిపి ఉండొచ్చు. సీటు వాళ్ళ కాళ్ళ పొడవుకు, అద్దాలు వాళ్ళ కంటి ఎత్తుకు ఉంటాయి. మొహమాటపడి అలాగే బయల్దేరేవాళ్ళు టెస్టంతా ఇబ్బంది పడతారు. తొందరేమీ లేదు, తీరిగ్గా సర్దుకోండి.

క్లచ్ పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండాలి. వీపు సీటుకు ఆనించి, మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పెట్టగలిగితే దూరం సరిపోయినట్టే. అద్దాలు సీటు సర్దుకున్నాకే సర్దాలి. ముందు అద్దాలు, తర్వాత సీటు అంటే మళ్ళీ మొదటికి వస్తుంది. లోపలి అద్దంలో వెనక గాజు మొత్తం కనపడాలి. పక్క అద్దాల్లో మీ కారు ఒళ్ళు సన్నటి అంచులాగా కనిపిస్తే చాలు, మిగిలినదంతా రోడ్డే కనపడాలి. సీట్ బెల్ట్, తలుపులు, హ్యాండ్ బ్రేక్, న్యూట్రల్ చూసుకుని అప్పుడు స్టార్ట్ చేయండి. వైపర్లు, లైట్లు, హారన్, అద్దం మీది మంచు తుడిచే స్విచ్ ఎక్కడున్నాయో కూడా ఇప్పుడే చూసుకోండి. దారిలో వాన మొదలైతే స్విచ్ కోసం కిందికి చూసే ఆ రెండు సెకన్లే ప్రమాదం.

మూడో మెట్టు: బయల్దేరడం, క్లచ్, ఎత్తు

నిలిపిన చోటు నుంచి కదిలేటప్పుడు చేసే తప్పు ఇండికేటర్ వేసి అద్దం చూసి కదిలిపోవడం. అద్దాలు చూపించని చోటు ప్రతి కారుకూ ఉంటుంది, దాన్నే బ్లైండ్ స్పాట్ అంటాం. సరిగ్గా అక్కడ ఒక బైకో సైకిలో ఇమిడిపోతుంది. చుట్టూ చూసి, ఏ వైపుకు కదులుతున్నారో ఆ భుజం మీదుగా తల తిప్పి చూసి అప్పుడు కదలాలి. చూసిన వెంటనే కదలాలి కూడా. చూసి, గేర్ వేసి, హ్యాండ్ బ్రేక్ తీసి, క్లచ్ సర్దుకుని కదిలితే ఆ చూపు పాతబడిపోయింది. కాబట్టి కాళ్ళ పనీ గేర్ పనీ ముందే ముగించి, చూడటం చివర్లో పెట్టుకోండి.

ఇంజన్ ఆగిపోవడం అందరినీ భయపెట్టే తప్పు. కారణం చిన్నదే. ఇంజన్ తిరుగుతుంటుంది, చక్రాలు నిలిచి ఉంటాయి. ఆ రెంటినీ మెల్లగా కలపడం క్లచ్ పని. క్లచ్ వదులుతుండగా ఆ రెండూ కలవడం మొదలయ్యే చోటే హాఫ్ క్లచ్. అక్కడికి రాగానే ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, కారు ముందుభాగంలో చిన్న కదలిక తెలుస్తుంది. అక్కడ పాదాన్ని ఒకటి రెండు సెకన్లు నిలపాలి. చాలామంది అక్కడిదాకా చక్కగా వచ్చి, కారు కదలగానే పని అయిపోయిందనుకుని పాదం ఎత్తేస్తారు. ఇంజన్ ఆగేది అప్పుడే. ఖాళీ స్థలంలో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ ఒక్కదానితో కారును నత్తనడకన కదిపి ఆపుతూ సాధన చేయండి. ఈ ఒక్క సాధన బయల్దేరడానికీ రివర్స్‌కూ రద్దీలో పాకడానికీ పనికొస్తుంది.

ఒకవేళ టెస్ట్‌లో ఆగిపోతే? బ్రేక్ నొక్కండి, క్లచ్ నొక్కి స్టార్ట్ చేయండి, గేర్ మొదటిదేనా చూసుకోండి. ఆ తర్వాత మళ్ళీ చుట్టూ చూసి కదలండి. ఇంజన్ ఆగినందుకు కాదు, ఆగాక కంగారులో చూడకుండా ముందుకు దూకినందుకు ఫెయిల్ చేస్తారు.

ఎత్తు మీద వెనక్కి జారడం ఇంకో గండం. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, హాఫ్ క్లచ్‌లో కారు ముందుకు లాగుతున్నట్టు తెలిశాకే హ్యాండ్ బ్రేక్ వదలాలి. బ్రేక్ మీది కాలు గబుక్కున యాక్సిలరేటర్ మీదికి మార్చే పద్ధతి వెనక బండి లేనప్పుడు బాగానే ఉంటుంది. వెనక బండి ఆనుకుని నిలబడినప్పుడు దాన్ని నమ్ముకోవద్దు.

ఆపేటప్పుడు బ్రేక్‌తోపాటే క్లచ్ నొక్కేయడం కూడా కొత్తవాళ్ళలో బాగా కనిపిస్తుంది. ఇంజన్ ఆగిపోతుందేమోనన్న భయం. అలా చేస్తే ఇంజన్ వేగాన్ని పట్టి ఉంచే సాయం పోతుంది, వాలు మీద కారు వదిలేసినట్టు పరుగెడుతుంది. ముందు బ్రేక్, కారు ఇక ఆగబోతోందనగా క్లచ్.

నాలుగో మెట్టు: అద్దాలు, ఇండికేటర్

అద్దం ఎన్నిసార్లు చూశారన్నది లెక్క కాదు, ఎప్పుడు చూశారన్నది లెక్క. వేగం తగ్గించే ముందు, పెంచే ముందు, ఇండికేటర్ వేసే ముందు, పక్కకు జరిగే ముందు. వరస ఎప్పుడూ ఇదే: అద్దం, ఇండికేటర్, ఆ తర్వాత కదలిక. ఇండికేటర్ వేసేశాక అద్దం చూడటమంటే నిర్ణయం ప్రకటించేసి తర్వాత అడగడం.

పక్క అద్దాలు చాలా కార్లలో కుంభాకారంగా ఉంటాయి. ఎక్కువ వెడల్పు చూపిస్తాయి గానీ, అందులో బండి చిన్నదిగా, అసలు ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది. లోపలి అద్దం చదునుగా ఉంటుంది కాబట్టి దూరం అందులో నమ్మకంగా తెలుస్తుంది. అందుకే ముందు లోపలి అద్దం, తర్వాత వెళ్ళబోయే వైపు అద్దం, లేన్ మారేటప్పుడైతే చివరగా భుజం మీదుగా ఒక్క క్షణం. ఆ క్షణంలో స్టీరింగ్ కూడా చూపు వెంట జరిగిపోకుండా చూసుకోండి. తల తిప్పినా కారు తిన్నగా వెళ్ళేలా నిర్మానుష్యమైన రోడ్డు మీద ముందే అలవాటు చేసుకోవాలి.

అద్దంలో కనపడినదాని మీద ఏదో ఒకటి చేయాలి కూడా. అద్దం చూసి, బైక్ పక్కనే ఉందని కనపడినా జరిగిపోయేవాళ్ళున్నారు. కళ్ళు అటు వెళ్ళాయి, బుర్ర వెళ్ళలేదు. పైకి చెబుతూ నడిపే సాధన దీనికే మందు: "ఎడమ అద్దం, ఖాళీ" అని నోటితో అనాలంటే నిజంగా చూడక తప్పదు.

ఇండికేటర్ విషయంలో మూడు తప్పులు: ఆలస్యంగా వేయడం, మధ్యలో ఇంకో సందు ఉండగా మరీ ముందుగా వేసి వెనకవాళ్ళను తికమక పెట్టడం, తీసేయడం మరిచిపోవడం. స్టీరింగ్ తగినంత తిరిగితేనే ఇండికేటర్ దానంతటది ఆరిపోతుంది. లేన్ మారినప్పుడు, చిన్న మలుపుల్లో ఆరదు. వెలుగుతూనే ఉన్న ఇండికేటర్‌ను నమ్మి ఎవరైనా రోడ్డు మీదికి వస్తే ఆ తప్పు మీదే.

ఐదో మెట్టు: కూడళ్ళు

టెస్టులు ఎక్కువగా పోయేది ఇక్కడే కాబట్టి ఇక్కడ నిదానిద్దాం.

కూడలిలో చూశాననుకోవడం వేరు, చూడటం వేరు. తలను ఇటు నుంచి అటు గిర్రున తిప్పినప్పుడు కన్ను దూకుళ్ళుగా కదులుతుంది. ఆ దూకుళ్ళు జరిగే క్షణాల్లో మెదడు చూపును దాదాపు ఆపేసి, ఖాళీలను తనే పూరించుకుంటుంది. సన్నగా ఉండే బైక్ ఆ ఖాళీలో పడితే మీకు రోడ్డు ఖాళీగానే కనిపిస్తుంది. దానికి తోడు, కారు ముందు గాజుకు రెండు పక్కలా ఉండే స్తంభం ఒక మనిషినో బైక్‌నో, కొంచెం దూరాన ఉంటే కారునో కూడా కప్పేస్తుంది. మీరూ ఆ బండీ తగిన వేగాల్లో కూడలి వైపు వస్తుంటే అది స్తంభం వెనకే ఉండిపోతూ వస్తుంది కూడా. కాబట్టి ఒక్కో వైపు చూపును ఒక్క క్షణం నిలపండి, రెండు వైపులా రెండుసార్లు చూడండి, స్తంభం అడ్డుంటే వీపు కొంచెం ముందుకో వెనక్కో వంచి దాని అవతల చూడండి. ఎగ్జామినర్‌కు మీరు తల తిప్పడం కనిపిస్తుంది. కానీ దాన్ని నటించకండి. రెండు వైపులా ఆర్భాటంగా తల ఊపి, వస్తున్న బండికి అడ్డంగా వెళ్ళినవాళ్ళను ఏ ఎగ్జామినరూ పాస్ చేయరు.

స్టాప్ గుర్తు దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాలి. రోడ్డంతా ఖాళీగా కనపడుతున్నా ఆగాలి. నెమ్మదిగా పాకుతూ వెళ్ళిపోవడం ఆగినట్టు కాదు, చాలా చోట్ల ఈ ఒక్కదానికే టెస్ట్ ముగుస్తుంది. ఆగేది గీత వెనక. అక్కడి నుంచి గోడో నిలిపిన బండో అడ్డొచ్చి కనపడకపోతే, గీత దగ్గర ఒకసారి ఆగి, తర్వాత అంగుళం అంగుళంగా ముందుకు జరిగి, కనపడే చోట మళ్ళీ ఆగండి. చాలా దేశాల్లో స్టాప్ గుర్తు ఎనిమిది మూలలతోనూ, దారి ఇవ్వమనే గుర్తు తలకిందుల త్రిభుజంతోనూ ఉంటాయి. వెనక నుంచి చూసినా పోల్చుకోవచ్చు. అడ్డం వచ్చే రోడ్డుకు ఏ గుర్తుందో ఇవతలి నుంచే తెలిసిపోతుంది.

అవతలి తప్పు కూడా ఉంది. జాగ్రత్త పేరుతో కదలకుండా కూర్చోవడం. బండ్ల మధ్య వెళ్ళగలిగిన సందులు నాలుగైదు వదిలేసి, వెనక వరస పెరిగిపోయి, ఆ ఒత్తిడికి చివరికి చెడ్డ సందులో దూకుతారు. ఎంత సందు సరిపోతుందో రోడ్డు పక్క నిలబడి కూడా నేర్చుకోవచ్చు. ఒక బండి కనపడగానే "ఇప్పుడు కదిలితే" అనుకుని మనసులో కూడలి దాటండి, ఆ బండి ఎప్పుడు చేరిందో చూడండి. కొన్ని పదుల బండ్లు చూసేసరికి కంటికి కొలత దొరుకుతుంది.

ఎదురు ట్రాఫిక్‌ను దాటి తిరగడానికి రోడ్డు మధ్యలో ఎదురుచూస్తున్నప్పుడు చక్రాలు తిన్నగా పెట్టి ఉంచండి. ముందే తిప్పి పెట్టుకుంటే, వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు కారు నేరుగా ఎదురు బండ్ల ముందుకు వెళ్తుంది. తిరిగేటప్పుడు మూల కోయకూడదు, చేరబోయే రోడ్డులో ఎదురువాళ్ళ సగంలోకి చక్రం పోకూడదు. ఎదుటివాడు ఇండికేటర్ వేశాడు కదా అని కదలొద్దు. అతను వేగం తగ్గి, చక్రం తిరిగితేనే నమ్మండి.

రౌండ్‌అబౌట్‌లో సాధారణ నియమం లోపల తిరుగుతున్నవారికి దారి ఇవ్వడం. ఇక్కడి తప్పు చాలావరకు లోపలికి వెళ్ళాక కాదు, ముందే జరుగుతుంది: ఏ దారిన బయటికి పోవాలో తేల్చుకోకుండా దొరికిన లేన్‌లో దూరడం. బోర్డు కనపడగానే దారి లెక్కపెట్టుకోండి. దారి తప్పితే ఇంకో చుట్టు తిరగండి, అది తప్పు కాదు.

సిగ్నల్ దగ్గర పసుపు రంగు "త్వరగా పో" అని చెప్పదు. క్షేమంగా ఆగగలిగితే ఆగాలి. ఆకుపచ్చ పడినా కూడలి అవతల చోటు లేకపోతే కదలకూడదు. జీబ్రా క్రాసింగ్ దగ్గర ఎవరూ కాలు పెట్టలేదని కాదు, పెట్టబోతున్నారేమో చూడాలి. ముందు బండి క్రాసింగ్ దగ్గర ఆగి ఉంటే దాన్ని దాటి వెళ్ళడం అన్నిటికన్నా పెద్ద నేరం, ఎందుకంటే అది ఆగింది మీకు కనపడని మనిషి కోసం.

ఆరో మెట్టు: వేగం, దూరం

పరిమితి దాటితే ఫెయిలని అందరికీ తెలుసు. మారిన పరిమితిని గమనించకపోవడమే అసలు సమస్య. బోర్డు ఉన్న చోటికే వేగం తగ్గి ఉండాలి, బోర్డు దాటాక తగ్గించడం మొదలుపెడితే ఆలస్యం.

అంకెలు ఒకసారి వేసి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 14 మీటర్లు వెళ్తారు. ప్రమాదం చూసి కాలు బ్రేక్ మీదికి వెళ్ళడానికి ఒక సెకను పట్టిందనుకుంటే ఆ 14 మీటర్లు అలాగే పోయాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే ఆగడానికి ఇంకో 14 మీటర్లు. మొత్తం 28. అదే 30 కిలోమీటర్ల వేగంలో అంతా కలిపి 13 మీటర్లే. వేగం రెట్టింపైతే బ్రేక్ దూరం నాలుగింతలవుతుంది, తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. ముందు బండి ఒక స్తంభం దాటాక మీరు అదే స్తంభం దాటడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలి, వానలో అంతకు రెట్టింపు.

మరీ నెమ్మదిగా పోవడం కూడా తప్పే. 50 పోగలిగిన ఖాళీ రోడ్డులో 25లో పోతే మీకు పరిస్థితిని అంచనా వేయడం రాదని ఎగ్జామినర్ అనుకుంటారు. వెనకవాళ్ళు విసిగి ప్రమాదకరంగా ఓవర్‌టేక్ చేస్తారు.

ఏడో మెట్టు: రివర్స్, పార్కింగ్

రివర్స్‌లో అందరి ధ్యాసా గీతల మీద, అంచు మీద ఉంటుంది. మనుషుల మీద ఉండదు. కారు వెనక్కి వెళ్తున్నంతసేపూ చుట్టూ చూస్తూ ఉండాలి, వెనక గాజు గుండా ఎక్కువగా. ఎవరైనా దగ్గరికి వస్తే ఆగిపోయి వాళ్ళు పోయాకే కదలాలి. వెనక్కి వెళ్తూ స్టీరింగ్ తిప్పినప్పుడు కారు మూతి దానికి ఎదురు పక్కకు వెడల్పుగా ఊగుతుందని మరిచిపోవద్దు.

రెండో సంగతి వేగం. మనిషి నడక కన్నా నెమ్మదిగా, హాఫ్ క్లచ్ మీద వెళ్తే తప్పు పడకముందే కనపడుతుంది, దిద్దుకోవడానికి సమయం ఉంటుంది. వంకరగా వస్తోందని తెలిశాక "ఎలాగో సర్దుకుంటుంది" అని కొనసాగించకండి. నియమాలు ఒప్పుకునే చోట ఆగి, ముందుకు వచ్చి, సరిచేసుకోండి. నిలబడిన కారులో స్టీరింగ్ బలంగా తిప్పడం టైర్లకూ స్టీరింగ్‌కూ మంచిది కాదు. కారు కొద్దిగా కదులుతుండగా తిప్పడం అలవాటు చేసుకుంటే చెయ్యి కూడా తేలిగ్గా తిరుగుతుంది.

ద్విచక్ర వాహనానికి టెస్ట్ ఇచ్చేవాళ్ళకు

ఎనిమిది ఆకారంలో తిప్పమన్నప్పుడు కాలు నేలకు ఆన్చేవాళ్ళ చూపు ఎప్పుడూ ముందు చక్రం మీదే ఉంటుంది. బండి చూపు ఎటుంటే అటు పోతుంది. తర్వాత చేరాల్సిన చోటు వైపు తల తిప్పి చూడండి, హ్యాండిల్ దానంతటది తిరుగుతుంది. వేగాన్ని హాఫ్ క్లచ్‌తోనూ వెనక బ్రేక్‌ను లేతగా తాకిస్తూనూ పట్టుకోండి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేక్ పట్టారంటే పడిపోతారు. హెల్మెట్ పట్టీ బిగించుకోవడం, ఇండికేటర్ చేత్తో ఆర్పడం, భుజం మీదుగా చూడటం ఇక్కడ కూడా తప్పనిసరి.

ఆ రోజు

ముందు రాత్రి కొత్తవి నేర్చుకోవద్దు, నిద్రపోండి. కాగితాలు, అవసరమైన కళ్ళద్దాలు ముందే సర్దుకోండి. కాగితం లేదనో, గడువు దాటిందనో తిప్పి పంపేయడం కన్నా బాధాకరమైన ఫెయిల్ ఇంకోటి లేదు. కారు కూడా చూసుకోండి: బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు, టైర్లు. వీలైతే టెస్ట్‌కు ముందు అరగంట నడపండి, కాళ్ళకు క్లచ్ గుర్తుకొస్తుంది.

టెన్షన్ అందరికీ ఉంటుంది. దాన్ని పోగొట్టుకోవాలని చూడటం కన్నా, అది చేసే రెండు పనులను అడ్డుకుంటే చాలు. ఒకటి, తొందర పెడుతుంది. అందుకే ఆగిన ప్రతిసారీ ఊపిరి నెమ్మదిగా బయటికి వదిలి, అప్పుడు గేర్ వేయండి. రెండు, జరిగిపోయిన తప్పు చుట్టూ తిప్పుతుంది. "ఇందాక అద్దం చూడలేదు, ఇక ఫెయిలే" అని ఆలోచిస్తూ తర్వాతి స్టాప్ గుర్తును దాటేస్తారు. అది చిన్న తప్పో పెద్దదో మీకు తెలియదు, తేల్చడం మీ పని కాదు. మౌనపు డ్రైవ్‌లలోనే కావాలని దీన్ని సాధన చేయండి: తప్పు జరగగానే కనపడేదాన్ని పైకి చెప్పడం మళ్ళీ మొదలుపెట్టడం. టెస్ట్‌లో కూడా గొణుక్కుంటూ నడపొచ్చు.

ఎగ్జామినర్ మాట అర్థం కాకపోతే అడగండి. "ఎడమకా అండీ?" అని అడిగినందుకు మార్కులు పోవు. కుడికి తిప్పమంటే పొరపాటున ఎడమ లేన్‌లో ఉన్నారా, ఆఖరి క్షణంలో అడ్డంగా కోయకుండా ఆ ఎడమకే పద్ధతిగా తిరిగిపోండి. రోడ్డు మీద జరిగే టెస్ట్‌లో దారి తప్పడం కన్నా దాన్ని దిద్దుకోబోయి ఇంకొకరికి అడ్డం పడటమే నేరం. వాళ్ళు మౌనంగా ఉన్నా, ఏదో రాసుకుంటున్నా దాన్నుంచి ఏమీ ఊహించుకోకండి.

ఫెయిలైతే

చివర్లో వాళ్ళు కారణాలు చెబుతుంటే ఆ బాధలో సగం చెవికెక్కదు. కాగితం ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే కారు దిగకముందే అడగండి: ఏ చోట, ఏం జరిగింది, నేనేం చేసి ఉండాల్సింది. బయటికి రాగానే రాసుకోండి. "కూడలిలో చూడలేదు" అని మాత్రమే రాసుకుంటే పనికిరాదు. ఏ కూడలి, అడ్డం ఏముంది, ఎటు నుంచి బండి వచ్చింది, అప్పుడు మీ కళ్ళు ఎక్కడున్నాయి అన్నదాకా రాయండి. తర్వాత నేర్పేవారితో అదే చోటికి వెళ్ళి, అదే పని, పక్కనుంచి మాట లేకుండా, తప్పు రాకుండా చేసే వరకు కాదు, తప్పు చేయాలన్నా చేయలేనంతగా అలవాటయ్యే వరకు చేయండి. ఆ తర్వాతే మళ్ళీ తేదీ తీసుకోండి.